చిరుగు చాప కొత్త అడ్రసు

మీటింగు రెండింటికి. గోడ గడియారం ఒంటిగంటా నాలుగు నిమిషాలు చూపిస్తోంది, అది ఎప్పుడూ మూడు నిమిషాలు ముందుంటుంది, కాబట్టి ఇంకా యాభై తొమ్మిది నిమిషాలున్నాయి అనుకుంది ఫూసీ, అనుకుని పెన్సిలు కొస నాలుకకి తాకించుకుని నోటుబుక్కు తెరిచింది. రెండు వందల పన్నెండు తిమింగలాల తోకలు. ఒక్కో తోక పక్కనా ఈ పది రోజులుగా తను పెట్టుకుంటూ వచ్చిన గుర్తు. అదే తోక ఇంకెక్కడ కనబడిందో చూపించే లింకు తెరుచుకుంటే టిక్కు, తెరుచుకోకపోతే ఇంటూ, ఇంకెక్కడికో తెరుచుకుంటే ప్రశ్నార్థకం. ఏ పేజీ తిప్పినా ఇంటూలే కనబడుతున్నాయి. పొద్దున ఫెలేటి పైకి కూడా రాకుండా మెట్ల మీదే నిలబడి, చేతిలో పడవ తాళాలు గలగలలాడిస్తూ, "ఫూసక్కా, ఎందుకొచ్చిన తంటా ఇది? బయటికి పోయే లింకులన్నీ పీకి పారెయ్. మన తోకల బొమ్మలు మన పేజీలో ఉంటాయి, చాలదా? రెండింటికి అదే తీర్మానం చేస్తున్నాం, నువ్వేం మనసులో పెట్టుకోకు," అన్నాడు. మనసులో పెట్టుకోకు అంటూ నవ్వాడు కూడా. మంచివాడే. నెయియాఫు రేవులో తిమింగలాలు చూపించే పడవల వాళ్ళ సంఘానికి అధ్యక్షుడు, ఆ సంఘానికి తను ఒక్కతే గుమాస్తా, వాడికి ఆదివారం బడిలో అక్షరాలు నేర్పింది తనే. అక్షరాలు నేర్పింది గానీ ఇది ఎలా నేర్పాలో తెలియలేదు, ఆ జంతువు మూడు నెలలే మనదిరా అబ్బాయ్, మిగతా తొమ్మిది నెలలు ఎక్కడుంటుందో మన కంటికి ఆనదు, ఆ తొమ్మిది నెలలే ఈ లింకులు అని మెట్ల మీద నిలబడినవాడికి ఎలా చెప్పడం, వాడు అప్పటికే సగం దిగిపోయాడు.

ఇంటర్నెట్టులో తోకల పేజీ డోరీన్ పెట్టింది. ఊళ్ళో వాళ్ళ నోట్లో ఆ పేరు పడక తోలినీ అయింది. తెల్లవాళ్ళలో కొందరు వస్తారు, తిరుగుతారు, పోతారు, తోలినీ మాత్రం చిన్న తెరచాప పడవలో ఒంటరిగా వచ్చి, పడవకి చిల్లు పడితే బాగుచేయించుకుందామని ఆగి, చివరిదాకా ఇరవై ఎనిమిదేళ్ళు ఇక్కడే ఉండిపోయింది. పేజీలో ప్రతి అక్షరమూ చేత్తో కొట్టేది, ప్రతి గుర్తూ పక్కన కూర్చోబెట్టుకుని చూపించేది. కోణంలా వంగిన ఆ గుర్తు తరవాత ఒంటరిగా ఒక చిన్న 'ఎ' ఉంటుంది చూశావా ఫూసీ, లింకు మొదలయ్యేది అక్కడే, ఆ 'ఎ' అంటే ఏమనుకున్నావు, యాంకరు, మన లంగరే, అని చెప్పిన రోజున ఫూసీ నమ్మలేదు. సముద్రం మీద బతికిన మనిషి కదా, అన్నీ పడవ సామానుతోనే చెబుతుందనుకుంది. తరవాత పుస్తకంలో చూస్తే నిజంగానే లంగరే. ఎవరో, ఎక్కడో, గదిలో కూర్చుని అక్షరాలు అల్లుకున్నవాళ్ళకి కూడా ఆ మాటే తోచిందంటే ఒళ్ళు జలదరించింది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి, వాళ్ళని అడగక్కర్లేదు, వాళ్ళు వీళ్ళని ఎరగక్కర్లేదు, ఒక వరస అక్షరాలు తప్పు లేకుండా రాస్తే చాలు, ఇక్కడ వేలు నొక్కితే భూమి అవతలి కొసన ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంటుంది. అన్నేళ్ళు నొక్కినా తనకి అది మామూలు కాలేదు. ఇప్పుడూ కాలేదు. నూట నలభై మూడో తోక మీద నొక్కింది. నాలుగు, సున్నా, నాలుగు. పేజీ దొరకలేదు. ఇంటూ.

కింద సంఘం హాలు పక్క పెరట్లో ఆడవాళ్ళు బట్ట చేయడానికి చెట్టు బెరడుని కొయ్య సుత్తులతో కొడుతున్నారు, టక్కు టక్కుమని ముగ్గురివీ మూడు దెబ్బలు, ఒకరి దెబ్బ ఇంకొకరి దెబ్బ మీద పడకుండా. కిటికీ గాజు పలకల సందుల్లోంచి ఆ చప్పుడుతో పాటు రేవు వాసన, డీజిలు, ఎవరిదో మధ్యాహ్నం వంటలో కొబ్బరిపాలలో ఉడుకుతున్న ఆకుల వాసన. లింకులు చచ్చిపోవడంలో కూడా రకాలున్నాయని ఈ పది రోజుల్లోనే తెలిసింది. కొన్ని ఇంటికి తాళం వేసుకుపోయినట్టు చచ్చాయి, ఊరుంది, వీధుంది, మనిషి లేడు. కొన్నిటికి ఊరే లేదు. కొన్ని చావలేదు, పేరు మార్చుకుని పక్క వీధికి మారాయి, చెప్పిపోయే తీరిక లేకపోయింది. అన్నిటికన్నా పాపిష్టివి ప్రశ్నార్థకాలు, ఎవరో ఖాళీ చేసిన అడ్రసులోకి ఇంకెవరో దూరి కూర్చున్నవి. పాస్టరమ్మ గారు మహిళా సమాజం వాళ్ళందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, ఇదుగోనమ్మా మన దేవుడి సృష్టి, ఈ తోక మంచు సముద్రంలో కూడా కనబడిందట, చూడండి అని నొక్కితే పేకాట ముక్కలూ, చాలీచాలని బట్టల్లో ఒక పిల్లా ప్రత్యక్షమయ్యాయి. పాస్టరమ్మ గారు లేచి కంప్యూటరు మీద తన శాలువా కప్పింది. ఆ శాలువా కథ మూడు దీవులు దాటిపోయింది, అదీ ఇవాళ్టి మీటింగు.

అందరూ తననే అంటారు, నువ్వు చూసుకోలేదా అని. ఎలా చూసుకుంటుంది? సముద్రంలో నిప్పుకొండ పేలిన రోజు ఫూసీ పెరట్లో కంద ముక్కలు కోస్తోంది. ఆ మోత చెవికి వినబడలేదు, ఛాతీకి వినబడింది, కత్తి వదిలేసి నేల మీద కూర్చుండిపోయింది, కోళ్ళు కూడా కూర్చుండిపోయాయి. తరవాత సముద్రం వెనక్కి పోయి మళ్ళీ వచ్చింది, రేవులో పడవలు ఒకదాని మీదొకటి పడ్డాయి, ఇవన్నీ అందరూ చెప్పుకున్నారు. ఎవరూ పెద్దగా చెప్పుకోనిది ఇంకొకటి ఉంది, సముద్రం అడుగున ఫోనులూ ఇంటర్నెట్టూ నడిచే చేతి మందం తాడు ఒకటి తెగింది. ఆ ఒక్క తాడు తెగితే దేశం దేశమంతా మాట పడిపోయిన మనిషిలా అయిపోయింది. రాజధానికి కొన్ని వారాల్లో మాట వచ్చింది, మా వవావు దీవులకి వచ్చే తాడు అతకడానికి ఏడాదిన్నర పట్టింది. ఆకాశంలో ఉపగ్రహం నుంచి దొరికే కాస్త దారిని ఆసుపత్రి, బ్యాంకు, ఆఫీసులు పంచుకున్నాయి, తోకల పేజీ కోసం ఎవరిని అడుగుతుంది? కానీ ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఈ కుర్చీలోనే, ఖాళీ తెర ముందు కూర్చుని ఉన్నప్పుడు తట్టింది, పేజీ ఉన్న యంత్రం ఇక్కడ లేదు కదా, ఎక్కడో ఆక్లండ్‌లోనో ఇంకెక్కడో ఉంది, అది వెలుగుతూనే ఉంది, మాకు ప్రపంచం కనబడటం లేదు గానీ ప్రపంచానికి మా తోకలు కనబడుతూనే ఉన్నాయి. ఎవరో ఒకరు ఈ నిమిషాన చూస్తూ ఉండొచ్చు. లోపల ఉన్నవాళ్ళకి చీకటి, బయట నిలబడ్డవాళ్ళకి దీపం. ఆ ఆలోచనతో ఆ రోజంతా పని ఏదీ చేయబుద్ధి కాలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. కళ్ళు మూసుకుపోయిన ఆ ఏడాదిన్నరలోనే లింకులు ఒక్కొక్కటే రాలిపోయాయి.

"ఇంకా తోకలేనా?" అన్నాడు పౌలియాసి.

నిద్రపోతున్నాడనుకుంది. గది మూలలో చాప మీద, ఫ్యాను గాలికి, నలుగురిలోకి వచ్చేటప్పుడు మర్యాదకి నడుముకి చుట్టుకునే పాత చాప కూడా విప్పకుండా పడుకుని ఉన్నాడు నాన్న. పొద్దున ఆసుపత్రిలో రక్తపోటు చూపించుకుని మాత్రలు తీసుకున్నాడు, ఊరికి పోయే ట్రక్కు మూడింటికి, అంతదాకా కూతురి ఆఫీసు. డెబ్బై తొమ్మిదేళ్ళు. రాజుగారు తిమింగలాల వేట మానమన్న ఏడాది వరకూ పడవ ముందు నిలబడి ఈటె విసిరిన మనిషి. ఈ గదికి వచ్చినప్పుడల్లా వీపు తెర వైపు పెట్టి పడుకుంటాడు.

"తోకలే నాన్నా."

"మేం తినేసినవాటికి నువ్వు పేర్లు పెడుతూ కూర్చున్నావు. మేం కనీసం ఆకలికి చేశాం. నీదేం పని?"

"నువ్వు పడుకో. ట్రక్కొస్తే లేపుతాను."

"ట్రక్కు తోలేవాడికి నేనే గుర్తుండను, నువ్వు లేపుతావా తోకలు వదిలి," అని అటు తిరిగాడు. ఆ మాటల్లో కోపం లేదు, ఎన్నేళ్ళుగానో వాడి వాడి అరిగిపోయిన ఎత్తిపొడుపు. చిన్నప్పుడు ఆ వీపు చూస్తే భయం, ఇప్పుడు చొక్కా కింద రెండు ఎముకలు. ఆయన ముందు తిమింగలం మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అమ్మ ఉన్నప్పుడు కూడా, మాంసం రోజుల ముచ్చట ఎవరైనా తీస్తే, గిన్నె పట్టుకుని బయటికి పోయి తినేవాడు. వేట పోయినందుకు బెంగ అని ఊరు అనుకుంది. ఫూసీ కూడా అదే అనుకుంది.

ఒంటిగంటా పంతొమ్మిది. మళ్ళీ మొదటికి పోదాం, ఇంటూలలో పాతవి ముందు, అని నోటుబుక్కు వెనక్కి తిప్పింది, పదిహేడో తోక మీద పెన్సిలు ఆగింది. దాన్ని కావాలనే దాటవేస్తూ వస్తోంది పది రోజులుగా. చిరుగు చాప. ఆ పేరు తను పెట్టింది, ఇరవై మూడేళ్ళ వయసులో, తోలినీ పడవలో మొదటిసారి లోతు నీళ్ళలోకి పోయిన రోజున. ఆ పడవ ఎక్కానని నాన్నకి ఆ తరవాత రెండేళ్ళు చెప్పలేదు. పొద్దెక్కింది, నీళ్ళు నూనెలా ఉన్నాయి, తోలినీ ఇంజను ఆపేసింది, ఏమీ లేదు, ఏమీ లేదు, తరవాత పడవ పక్కనే సముద్రం ఊపిరి వదిలింది. ఆ తుంపర జుట్టు మీద, పెదాల మీద పడింది, చేపలు ఉడకబెట్టిన నీళ్ళ కంపు, వారం పోలేదు ఆ వాసన, ఆమె పోగొట్టుకోవాలనీ అనుకోలేదు. వీపు వచ్చింది, పోయింది, ఇంకా పోతూనే ఉంది, ఎంతకీ అవదేమిటి అనుకునేంతలో తోక లేచింది. చర్చి తలుపు రెండు రెక్కలూ ఒక్కసారి పైకి లేచినట్టు లేచి, నీళ్ళు ధారలుగా కారుతూ, ఒక్క క్షణం నిలబడి. దాని అంచంతా పీచులు పీచులుగా, ఎంతమందో కట్టి కట్టి చిరిగిన నడుము చాపలా ఉంది. "చిరుగు చాప!" అని అరిచింది, తోలినీ ఫొటో తీస్తూనే పడీ పడీ నవ్వింది. పది పన్నెండేళ్ళ తరవాత ఎక్కడో నార్వే అమ్మాయి ఒకామె, పేరు సోల్‌వైగ్, మంచు సముద్రంలో ఓడ మీద నిలబడి తీసిన బొమ్మలో అదే అంచు కనబడింది. ఆ అంచు ఇంకెవరికీ ఉండదు, మన వేలిముద్రలకి ఎంత నిజమో దానికీ అంత నిజం. తోలినీ ఆ రోజు ఆ లింకు తను పెట్టలేదు, "ఇది నీది, నువ్వు రాయి," అని కుర్చీ ఇచ్చింది. ఫూసీ తన చేత్తో రాసిన మొదటి లింకు. అదే పోయింది.

నొక్కింది. పేజీ దొరకలేదు. తోలినీ నేర్పిన పద్ధతి ఒకటుంది, అడ్రసుని కొస నుంచి ఒక్కో ముక్కా చెరుపుతూ వెనక్కి నడవడం. గది తలుపు మూసి ఉంటే వరండాకి రా, వరండా లేకపోతే వీధికి రా, ఎవరో ఒకరు కనబడతారు, అడుగు. చివరి ముక్క చెరిపింది, లేదు. ఇంకోటి, లేదు. అసలు పేరు ఒక్కటే మిగిలింది, తెరుచుకుంది, విద్యాలయం వాళ్ళ కొత్త ముఖద్వారం, గడ్డి మీద కూర్చుని నవ్వుతున్న పిల్లలు, తిమింగలాల ఊసే లేదు. ఒంటిగంటా ఇరవై ఏడు. చచ్చిపోయిన పేజీల నకళ్ళు దాచిపెట్టే చోటు ఒకటుంది, పాత పేపర్లు కట్టలు కట్టి అటక మీద పెట్టినట్టు, అక్కడికి పోయి పాత అడ్రసు అడిగింది. సంవత్సరాల వరస వచ్చింది. పదిహేనేళ్ళ కిందటి ఒక తారీకు మీద నొక్కితే, చూస్తుండగానే, నీలం రంగు పేజీ, ఆ రోజున ఎలా ఉందో అలాగే, తను మొదటిసారి చూసినప్పటి ఆ నీలమే. బొమ్మలు లేవు, బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ చతురస్రం. అయినా అడుగున చిన్న అక్షరాల్లో సోల్‌వైగ్ పూర్తి పేరు ఉంది. ఎవరో ఏ కారణమూ లేకుండా, ఎవరూ అడగకుండా, ఈ పేజీని ఆ రోజు దాచిపెట్టారు. రేపు ఫూసీ అనే మనిషికి ఒంటిగంటా ఇరవై తొమ్మిదికి కావాల్సొస్తుందని వాళ్ళకి ఎలా తెలుస్తుంది? తెలియదు. తెలియకుండానే దాచారు. ప్రార్థన కూడా ఇలాంటిదేనేమో, అనుకుంది, పాస్టరమ్మ గారితో ఎప్పుడైనా అనాలి, ఇప్పుడిప్పుడే కాదు.

పేరు పట్టుకుని వెతికితే సోల్‌వైగ్ పని మానేసి చాలా కాలమైందని తెలిసింది, తన తోకలన్నీ దక్షిణ సముద్రాల తోకల బొమ్మల ఉమ్మడి కట్టలో కలిపేసింది. ఆ కట్టలో పాత నంబర్లు లేవు. తిరగరాసిన కొత్త నంబర్లు, వేల తోకలు, తెల్లవి ఒక వరస, నల్లవి ఒక వరస, కలగాపులగంవి ఒక వరస. చిరుగు చాప సగం పైన నలుపు. నలుపు వరసలో తొమ్మిది వందల పై చిలుకు. ఇక పేరూ లేదు, నంబరూ లేదు, కళ్ళున్నాయి. ఒక్కో తెరకి పన్నెండు బొమ్మలు, పై నుంచి కిందికి గీత గీతగా దిగుతూ. ఒంటిగంటా ముప్పై మూడు. కింద సుత్తుల చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. తోకలు వస్తున్నాయి, పోతున్నాయి. ఒకదానికి ఓడ చక్రం కోసిన మూడు గాట్లు. ఒకదాని రెక్క సొర నోట్లో పోయింది. ఒకటి బడి పలకంత శుభ్రంగా ఉంది. ఒక్కొక్కటీ ఒక్కో రోజున ఒక్కో మనిషి, చలికి చేతులు కొంకర్లు పోతుంటే, పడవ ఊగుతుంటే, ఊపిరి బిగబట్టి పట్టుకున్న క్షణం. అలాంటి క్షణాలు తొమ్మిది వందలు, చిలీ వాళ్ళవీ, నార్వే వాళ్ళవీ, మా తోలినీవీ, ఒకరి మొహం ఒకరు చూడని వాళ్ళవి, అన్నీ ఒకే గోడకి. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ ఆపుకుని పెన్సిలు పళ్ళ మధ్య పెట్టుకుంది. అరవై ఎనిమిదో తెర. అరవై తొమ్మిది. మూడో వరసలో కుడి వైపు నుంచి అంచు దిగుతోంది, పీచులు పీచులుగా. బొమ్మ పూర్తిగా రాకముందే తెలిసిపోయింది. ఇంట్లో మనిషి గుమ్మంలోకి రాకముందే అడుగుల చప్పుడు తెలిసినట్టు.

నొక్కింది. బొమ్మ పక్కన తారీకులు, కొత్తవి పైన, పాతవి కింద. కిందటేడు ఫిబ్రవరి, మంచు సముద్రం, పిల్లతో. పిల్లతో! అంతకు ముందు ఆస్ట్రేలియా తూర్పు తీరం దాటి దక్షిణంగా పోతూ ఒకసారి. సోల్‌వైగ్ తీసినది. తను చూసిన రోజు, తోలినీ పేరు, వవావు. అక్కడితో అయిపోవాలి, అదే కదా మొదటిది, కానీ అడుగున ఇంకో వరస ఉంది. పంతొమ్మిది వందల డెబ్బై ఏడు, సెప్టెంబరు. వవావు. తెరచాప పడవలో పోతున్న ఎవరో ప్రయాణికుడు తీసిన నలుపు తెలుపు ఫొటో, ఆయన పోయాక పిల్లలు అటక మీద దొరికిన డబ్బా పంపితే ఈ మధ్యనే కలిపారట. తను అప్పటికి నాలుగేళ్ళ పిల్ల. నేల మీద మట్టి తింటూ ఉండి ఉంటుంది, రేవుకి ఆవల ఈ జంతువు అప్పటికే నిండు ప్రాణి. నడిచే పిల్ల యాభై దాటిన మనిషయ్యేలోగా అది ఎన్నిసార్లు మంచులోకి పోయి వచ్చింది, ఒక్కోసారి ఎంత దూరం, చేతి వేళ్ళు లెక్కకి చాలక ఆగిపోయింది. ఫొటో కింద ఒక వాక్యం ఉంది. అది రెండుసార్లు చదివింది, పెన్సిలు పళ్ళ మధ్య నుంచి జారి కింద పడింది.

"ఏమైంది?" అన్నాడు పౌలియాసి, ఇటు తిరక్కుండానే.

"ఏం లేదు నాన్నా. పాత ఫొటో ఒకటి. డెబ్బై ఏడులోది."

వీపు కదల్లేదు.

"ఇక్కడిదే. సెప్టెంబరు. దీనికి తాడు వేలాడుతోందని రాశారు. ఈటె దిగిన తిమింగలం, తాడు ఈడ్చుకుంటూ పోతోందట."

ఫ్యాను తిరుగుతోంది. "తాడు ఎటు పక్క?" అన్నాడు.

ఆ గొంతు తనెప్పుడూ వినలేదు. వాక్యం మళ్ళీ చూసింది. "ఎడం పక్క. తోక మొదట్లో."

ఆయన లేచాడు. లేవడానికి ముందు మోకాలు, తరవాత గోడ, తరవాత బల్ల అంచు. కుర్చీ వెనక నిలబడ్డాడు, ఈ గదిలో మొదటిసారి తెర వైపు మొహం పెట్టి. ఫొటో పెద్దది చేసి చూపించింది. మసక బూడిద రంగు సముద్రం, దాని మీద నల్లటి తోక, తోక మొదట్లో నుంచి సన్నగా, వెంట్రుకలా, ఒక గీత.

"అందరూ తాడు తెగిందన్నారు," అన్నాడు. "మీ పెదనాన్న పోయేదాకా అదే అన్నాడు, తాడు తెగింది, పాత తాడు, మా వాడి తప్పు కాదు అని. తెగలేదే ఫూసీ. నేనే కోశాను."

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆయన ఆపేస్తాడని తెలుసు.

"అది మమ్మల్ని పగడపు దిబ్బ దాటించి లాక్కుపోతోంది. పొద్దు వాలిపోతోంది. మీ పెదనాన్న పట్టుకో పట్టుకో అని అరుస్తున్నాడు. ఆరుగురం. పడవలోకి నీళ్ళు. నాకు నువ్వు గుర్తొచ్చావు, మీ అమ్మ గుర్తొచ్చింది అని చెప్పుకోవచ్చు, ఎవరూ గుర్తు రాలేదు. భయమేసింది. అంతే. ఒంగి కోసేశాను, ఎవరూ చూడలేదు." ఊపిరి చెవి పక్కన గరగరమంటోంది. "చంపితే పది ఊళ్ళు తినేవి. కొట్టకుండా వదిలితే అది బతికేది. నేను రెండూ చేయలేదు. ఇనుము లోపల పెట్టుకుని ఎక్కడో, ఎన్నాళ్ళకో, మెల్లగా చచ్చి ఉంటుంది అనుకుంటూ వచ్చాను. తిన్నప్పుడల్లా. మరుసటేడు రాజుగారు ఆపమంటే అందరికన్నా ముందు ఈటె తీసి పాతేసింది నేనే."

ఫూసీ వేలు పైకి జరిపింది, ఒక్కో తారీకూ చదివింది. తొంభై ఆరు, ఇక్కడ. రెండు వేల ఎనిమిది, మంచులో. రెండు వేల పదిహేను, ఆస్ట్రేలియా పక్క. కిందటేడు ఫిబ్రవరి. పిల్లతో, అంది, అని పిల్ల బొమ్మ తెరిచింది. తెర మీద గీత గీతగా దిగుతోంది. మంచు ముక్కలు, నల్లటి నీళ్ళు, పెద్ద వీపు, దాని పక్కన ఆనుకుని చిన్న వీపు. సముద్రం అడుగున మళ్ళీ అతికిన తాడులోంచి, ఎన్ని వేల మైళ్ళ నుంచో, కాంతిగా మారి, ఒక్కో గీతా వచ్చి ఈ డీజిలు వాసన గదిలో కుదురుకుంటోంది. బొమ్మ పూర్తయ్యేదాకా ముసలాయన ఊపిరి తీసుకోలేదు. ఆమె భుజం మీద ఆయన చెయ్యి ఉంది, ఎప్పుడు పెట్టాడో తెలియదు, పడవ అంచు పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాడు.

"నాన్నా, ఇది అదేనని గట్టిగా చెప్పలేం," అంది, చెప్పకుండా ఉండలేక. "ఆ ఏడు ఇంకో పడవ కూడా కొట్టి ఉండొచ్చు."

"అదే కానక్కర్లేదే," అన్నాడు. "ఏదో ఒకటి ఈటె దిగాక కూడా బతికింది కదా. బతుకుతాయని నాకు తెలియదు. ఇన్నేళ్ళు తెలియదు." తెర మీది చిన్న వీపు వైపు చూస్తూ, "అది ఎక్కడుంది ఇప్పుడు?" అన్నాడు.

"మే నెల కదా. మంచు నుంచి బయల్దేరుతూ ఉంటుంది."

"ఇటేనా?"

"చెప్పలేం. ఇటు రావచ్చు."

ఒంటిగంటా యాభై రెండు. ఫూసీ పేజీ లోపలి అక్షరాలు తెరిచింది, పదిహేడో వరస వెతికింది, లంగరు గుర్తు పక్కన తన పదిహేనేళ్ళ కిందటి చేతి రాత లాంటి ఆ పాత అడ్రసు అక్షరం అక్షరం చెరిపింది, కొత్తది రాసింది. ఒక చుక్క పోయినా, ఒక గీత ఎక్కువైనా తలుపు తెరుచుకోదు, అందుకని పెదవులు కదుపుతూ రాసింది, నాన్న కూడా అర్థం కాకపోయినా ఆమెతో పాటు పెదవులు కదిపాడు. సేవ్ చేసింది. పేజీ మళ్ళీ తెరిచి చిరుగు చాప మీద నొక్కింది.

తెరుచుకుంది.

కింద బల్లలు జరుపుతున్న చప్పుడు, ఎవరో గట్టిగా ఆవలించిన చప్పుడు, ఫెలేటి గొంతు, అందరూ వచ్చినట్టేనా అని. ఫూసీ లేవబోయింది. భుజం మీద చెయ్యి కిందికి నొక్కింది.

"ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయి, దారి తెగినవి?"

"ఎనభై ఆరు."

"అయితే కూర్చో. వాళ్ళతో నేను మాట్లాడతాను."

"నువ్వా? సంఘంలో నీకేం పని నాన్నా? వాళ్ళేమన్నా అంటే?"

"అననీ. ఆ ఫెలేటిగాడి తాత నా పడవలో నీళ్ళు తోడేవాడు," అని నడుము చాప సర్దుకుని, తాడు ముడి బిగించి, గోడ పట్టుకుంటూ మెట్ల వైపు నడిచాడు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి వినబడింది. కింద తలుపు కిర్రుమంది. మాటలు ఆగాయి. కుర్చీలు వెనక్కి జరిగాయి, పెద్దమనిషి వస్తే లేచి నిలబడతారు కదా, ఎవరో కూర్చోండి తాతా అన్నారు, కూర్చోను అన్నాడు. ఆ తరవాత ఆయన గొంతు, తగ్గు స్వరంలో, చాలాసేపు. మాటలు తెలియడం లేదు, పలకల సందుల్లోంచి ఆ గొంతు ఒక్కటే వస్తోంది, మధ్యలో ఎక్కడా ఎవరూ అడ్డం రావడం లేదు. పెరట్లో సుత్తులు కూడా ఆగిపోయాయి, ఆడవాళ్ళు వింటున్నారు. ఫూసీ కూడా వింటూ, పదిహేడో తోక పక్కన ఇంటూని రబ్బరుతో చెరిపి టిక్కు పెట్టింది.

కింద గొంతు ఆగింది. తరవాత ఫెలేటి ఏదో అడిగాడు, చిన్నగా, ఆదివారం బడిలో తప్పు చేసినప్పటి గొంతుతో. వెంటనే, రేవు అవతలి పడవల దాకా వినబడేలా, ఈటె విసిరే రోజుల కేక లేచింది.

"ఫూసీ! ఇవన్నీ అయ్యేసరికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పమంటున్నారు!"

ఆమె కిటికీ పలకలు పూర్తిగా తెరిచింది.

"అవి వచ్చేలోపల!" అని అరిచింది, అరిచి, తరవాతి ఇంటూ మీద నొక్కింది.